మనిషంత తెలివి అంటే ఎంత?

34957కి 70764 కలిపితే ఎంత?

ఈ లెక్క అలన్ ట్యూరింగ్ ఇచ్చింది. 1950లో ‘మైండ్’ అనే పత్రికలో ఆయన రాసిన వ్యాసంలో ఉంది. యంత్రాలు ఆలోచించగలవా అని మొదలుపెట్టి, ఆ ప్రశ్న పట్టుకుని వేలాడితే ఎటూ తేలదని, దాని బదులు ఒక ఆట పెట్టాడాయన. ఒక గదిలో మనిషి, ఇంకో గదిలో యంత్రం. బయట కూర్చున్న పరీక్షకుడు టైపు కొట్టిన ప్రశ్నలతోనే ఇద్దరినీ పలకరించి, ఎవరు మనిషో పోల్చుకోవాలి. ఆ ఆట ఎలా నడుస్తుందో చూపడానికి ఒక నమూనా సంభాషణ కూడా రాశాడు. ముందు స్కాట్లాండ్‌లోని ఫోర్త్ వంతెన మీద పద్యం చెప్పమని అడుగుతారు. కవిత్వం తన వల్ల కాదని అటువైపు నుంచి జవాబు వస్తుంది. తర్వాత ఈ కూడిక. దాదాపు అర నిమిషం మౌనం. అప్పుడు జవాబు: 105621.

కాగితం మీద వేసి చూడండి. 105721 రావాలి. వంద తగ్గింది.

ఇది అచ్చుతప్పు అనుకునే వీల్లేకుండా, అదే వ్యాసంలో మరికొన్ని పేజీల తర్వాత ట్యూరింగ్ ఒక సంగతి చెబుతాడు. లెక్కలు అడిగితే యంత్రం టకీమని సరైన జవాబు చెప్పి దొరికిపోతుందన్న అభ్యంతరానికి సమాధానంగా, ఆట నెగ్గాలనుకున్న యంత్రం కావాలనే తప్పులు చేస్తుందంటాడు. నన్ను ఈ వ్యాసం దగ్గర కట్టిపడేసేది ఇదే. యంత్రం మనిషంతటిది అయిందో లేదో చూడడానికి పెట్టిన మొట్టమొదటి పరీక్షలోనే ఆలస్యం ఉంది, పొరపాటు ఉంది, నాకు రాదని చెప్పుకోవడం ఉంది. ఇప్పుడు ఇదే విషయం మీద జరుగుతున్న వాదాల్లో ఈ మూడూ కనబడవు. డెబ్బై అయిదేళ్లలో మనిషి కొలతే మారిపోయింది. అది ఎలా మారింది, ఎవరు మార్చారు అన్నదే నా బాధ.

ట్యూరింగ్ ఆట 2025లో నిజంగానే ఒక యంత్రం నెగ్గింది. శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు అయిదేసి నిమిషాల సంభాషణలతో ఆడించి చూశారు. జీపీటీ-4.5తోనూ ఒక అసలు మనిషితోనూ ఒకేసారి మాట్లాడిన వాళ్లు, నూటికి 73 సార్లు యంత్రాన్నే మనిషి అని చెప్పారు. అయితే దానికి ముందే ఒక వేషం వేయించారు: ముభావంగా ఉండే, ఇంటర్నెట్ యాస వంటబట్టిన కుర్రకారులా మాట్లాడమని. ఆ వేషం తీసేస్తే 73 కాస్తా 36 అయింది. అదే పరీక్షలో ఎలిజా అనే ప్రోగ్రామును కూడా కూర్చోబెట్టారు. జోసెఫ్ వైజెన్‌బామ్ 1966లో రాసిన ఎలిజాకు మనం అన్న మాటనే తిప్పి ప్రశ్నగా అడగడం తప్ప ఏమీ తెలియదు. దానికి 23 వచ్చాయి. కోట్ల మంది వాడిన జీపీటీ-4ఓకు 21. అరవై ఏళ్ల నాటి మాటల బొమ్మ ముందు మొన్నటి మేటి యంత్రం రెండు మార్కులు వెనకబడిందంటే, ఆ పరీక్ష తెలివిని కొలిచిందని నేనెలా నమ్మను? ఎదుటివాళ్లను మనిషిగా తీసుకోవడానికి మనం ఎంత సిద్ధంగా ఉంటామో కొలిచింది. అది తక్కువ విషయమేమీ కాదు గానీ, మనం అడిగిన ప్రశ్న అది కాదు. అందుకే కాబోలు, ఒక కాలంలో ప్రపంచాన్ని ఊపేస్తుందనుకున్న ఆ గెలుపు వార్త రెండు రోజుల్లో పాతబడిపోయింది.

చదరంగం కథా ఇంతే. ఇక్కడ మన రాజ్ రెడ్డి గారిని తలచుకోవాలి. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, గిండీలో ఇంజనీరింగ్ చదివి, కృత్రిమ మేధకు ఆ పేరు పెట్టిన జాన్ మెకార్తీ దగ్గరే స్టాన్‌ఫర్డ్‌లో 1966లో డాక్టరేటు చేసి, 1994లో ట్యూరింగ్ పేరిట ఇచ్చే పురస్కారం అందుకున్నారాయన. 1988లో అమెరికా కృత్రిమ మేధ సంఘం అధ్యక్షోపన్యాసంలో ఆయన కొన్ని మహా సవాళ్లు ముందుంచారు. ప్రపంచ విజేతను ఓడించే చదరంగ యంత్రం, గణితంలో కొత్త సంగతి కనిపెట్టే యంత్రం, ఒక భాషలో మాట్లాడితే ఇంకో భాషలో వినిపించే టెలిఫోను, ప్రమాదాన్ని తప్పించుకునే కారు అందులో ఉన్నాయి. మొదటిది తొమ్మిదేళ్లకే నెరవేరింది. 1997 మే నెలలో డీప్ బ్లూ అనే యంత్రం చేతిలో ప్రపంచ విజేత కాస్పరోవ్ ఓడిపోయాడు. ఆ యంత్రం సెకనుకు 20 కోట్ల స్థితులు తరచి చూసేది. దాని పూర్వ రూపం పురుడు పోసుకున్నది రాజ్ రెడ్డి పనిచేసిన కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలోనే. అనువాదం చేసే ఫోను ఇప్పుడు అందరి జేబుల్లోనూ ఉంది. డ్రైవరు లేని టాక్సీలు శాన్‌ఫ్రాన్సిస్కో వీధుల్లో తిరుగుతున్నాయి. గణితంలో ఒలింపియాడ్ స్థాయి లెక్కల్లో యంత్రాలకు 2025లో బంగారు పతకానికి సరిపడా మార్కులు వచ్చాయి.

రాజ్ రెడ్డి గారి జాబితాలో నాకు నచ్చేదేమిటంటే, అందులో ఎక్కడా ఇవి సాధిస్తే యంత్రం మనిషి అయిపోయినట్టే అన్న ధ్వని లేదు. ఫలానా పని చేయించగలమా అని అడిగారంతే. పని అయిందో లేదో చూస్తే తెలిసిపోతుంది. ఆయన సహోద్యోగి హెర్బర్ట్ సైమన్ మాత్రం 1965లోనే, ఇరవై ఏళ్లలో మనిషి చేసే ఏ పనైనా యంత్రాలు చేసేస్తాయని రాసి ఉన్నారు. సైమన్ సామాన్యుడు కాడు, తర్వాత నోబెల్ బహుమతి వచ్చినవాడు. ఆ ఇరవై ఏళ్లూ 1985లో గడిచిపోయాయి.

యంత్రం ఒక మెట్టెక్కగానే ఇది తెలివి కాదు పొమ్మని మనుషులు గీత ఇంకొంచెం పైకి జరుపుతారని ఈ రంగంలో వాళ్లు ఎప్పటినుంచో నొచ్చుకుంటున్నారు. ఇంకా యంత్రాలు చేయలేనిది ఏదైతే ఉందో దాన్నే మనం తెలివి అంటామని లారీ టెస్లర్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త పేరు మీద ఒక సూత్రమే చలామణిలో ఉంది. వాళ్ల కష్టం చూస్తే ఆ నొచ్చుకోలు నాకు అర్థమవుతుంది. కానీ దాన్ని మనిషి తొండాట అంటే ఒప్పుకోను. చదరంగంలో నెగ్గాలంటే మెదడంతా కావాలని మనం మనస్ఫూర్తిగా అనుకున్నాం. యంత్రం నెగ్గాక తెలిసింది, అక్కర్లేదని. అంటే మన గురించి మనకు ఉన్న ఒక అభిప్రాయం తప్పని తేలింది. తప్పని తేలాక దాన్ని దిద్దుకోవద్దా? పెద్దవాళ్లతో సమానంగా పరీక్షలు రాసే యంత్రానికి ఏడాది పిల్ల చూసే చూపు, నడిచే నడక నేర్పడం ఎంతో కష్టమని 1980లలోనే రోబోల పరిశోధకుడు హాన్స్ మొరావెక్ గమనించాడు. ఆ పిల్ల గోడ పట్టుకుని నిలబడడాన్ని అంతకు ముందు ఏ తత్వవేత్త తెలివి జాబితాలో రాశాడు? యంత్రాలు ఓడిపోయిన చోటల్లా మనకు అంతవరకూ కనబడని మన తెలివి కనబడుతూ వచ్చింది. ఈ డెబ్బై అయిదేళ్ల శ్రమలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచే ఫలితం ఇది.

ఇక నన్ను నిజంగా కలవరపెట్టే మలుపు. 2005లో నిల్స్ నిల్సన్ అనే పెద్దాయన, ఆటలూ మాటలూ పక్కనపెట్టి ఉద్యోగాలతో కొలుద్దామన్నాడు. జీతమిచ్చి మనుషుల చేత చేయించే ఉద్యోగాల్లో ఎన్నింటిని యంత్రం సరిగ్గా చేయగలిగితే అంత ముందుకొచ్చినట్టు లెక్క. ఆయన మనసులో ఉన్నది చదువు చెబితే నేర్చుకుని ఏ పనికైనా తయారయ్యే యంత్రం. ఉద్దేశం మంచిదే. 2018లో, జీపీటీ యంత్రాలను తయారుచేసే ఓపెన్‌ఏఐ సంస్థ తన నియమావళిలో ఏజీఐ (ఆర్టిఫిషియల్ జనరల్ ఇంటెలిజెన్స్) అంటే ఏమిటో రాసుకుంది: ఆర్థికంగా విలువున్న పనుల్లో అధిక భాగాన్ని మనుషుల కంటే బాగా, చాలావరకు తనంతట తాను చేసే వ్యవస్థ. 2024 చివర్లో పత్రికల్లో ఇంకో సంగతి వచ్చింది. ఓపెన్‌ఏఐకీ మైక్రోసాఫ్ట్‌కీ మధ్య ఒప్పందంలో ఏజీఐ వచ్చినట్టు ఎప్పుడు లెక్క అంటే, 10 వేల కోట్ల డాలర్ల లాభం తెచ్చిపెట్టగలిగినప్పుడు అని. 2025 అక్టోబరులో ఆ రెండు సంస్థలూ ఒప్పందం తిరగరాసుకున్నాయి. ఏజీఐ వచ్చిందని ఓపెన్‌ఏఐ ప్రకటిస్తే, దాన్ని స్వతంత్ర నిపుణుల బృందం నిర్ధారించాలని అందులో ఉంది.

ఒప్పందం అన్నాక ఏదో ఒక అంకె కావాలి, అది లేకుండా వకీళ్లకు కుదరదు. అంతవరకూ నాకు పేచీ లేదు. కానీ మనిషితో పోలిక ఉన్న మాటను లాభంతో నిర్వచించుకుని, అదే మాటను మళ్లీ జనంలోకి తెచ్చి ‘మనిషంత తెలివి వచ్చేస్తోంది’ అంటే, వినేవాళ్లు వింటున్నది లాభం గురించి కాదు, తమ గురించి. ఉద్యోగం ఉంటుందా అని దిగులుపడే డిగ్రీ కుర్రాడు, పిల్లను ఏ కోర్సులో చేర్పించాలో తెలియని తండ్రి, ఆ మాటను తమకు తగ్గట్టుగా వింటారు. యంత్రానికి పెట్టిన కొలబద్ద ఏదో ఒక రోజు మన భుజం పక్కన నిలబెడతారు. ఈ గీత దాటని నీకు ఇంత జీతం ఎందుకని అడుగుతారు. నిర్వచనం మీద గొడవ పండితుల తీరిక కబుర్లని కొట్టిపారేసేవాళ్లతో నేను ఏకీభవించలేనిది అందుకే.

ఆపిల్ సంస్థాపకుల్లో ఒకడైన స్టీవ్ వోజ్నియాక్ వేరే పరీక్ష చెప్పాడు. ముక్కూ మొహం తెలియని ఇంట్లోకి యంత్రం వెళ్లి కాఫీ పెట్టాలి. వినడానికి చిన్నపిల్లల పరీక్షలా ఉంటుంది. అందులో ఏముందో నాకు మా పిన్ని వంటింట్లో తెలిసింది.

పిన్నికి జ్వరమొస్తే సాయంగా వెళ్లాను. తెల్లవారుజామున కాఫీ పెడదామని లేచాను. ‘కాఫీ’ అని చీటీ అంటించి ఉన్న డబ్బా తీస్తే మెంతులు. హార్లిక్స్ సీసాలో ధనియాలు. కాఫీపొడి ఒక పాత బోర్న్‌విటా సీసాలో, కవరులోనే మడతపెట్టి, రబ్బరు బ్యాండు వేసి ఉంది. ఫిల్టరు పై గిన్నె స్టాండులో, కింది గిన్నె బోర్లించిన గిన్నెల వెనకాల. పాలు కాచే గిన్నె ఏదో ఎవరూ చెప్పలేదు. అడుగున మాడిన గోధుమరంగు మరకను బట్టి పోల్చుకున్నాను. స్టవ్ ఎడమవైపు బర్నరు వెలగదని రెండుసార్లు లైటరు కొట్టాక తెలిసింది. పంచదార మాత్రం దొరకలేదు. గది గుమ్మం దగ్గరికి వెళ్లి మెల్లిగా అడిగాను.

“పిన్నీ, పంచదార ఎక్కడుంది?”

“ఉప్పు డబ్బా పక్కనే ఉందిరా. రెండూ ఒకేలా ఉంటాయి. చీమలున్నది పంచదార. బాబాయికి మాత్రం వెయ్యకు నాన్నా.”

ఇందులో ఏదీ ఏ పుస్తకంలోనూ లేదు. చీటీలు అబద్ధం చెప్పాయి. మరకలు, చీమలు నిజం చెప్పాయి. తెలియనిచోట ఎవరిని, ఎంత మెల్లిగా అడగాలో తెలియడం కూడా ఆ కాఫీలో భాగమే. బాబాయికి పంచదార వెయ్యకూడదన్నది పిన్ని జ్వరంలోనూ మరిచిపోలేదు. ఇంతటి సంగతిని తెలివి కాదని ఎవరైనా అంటే, తెలివిని వాళ్లు దేనికోసం వెతుకుతున్నారని అడగాలనిపిస్తుంది.

ఇప్పుడు ఇదే కాఫీని ఓపెన్‌ఏఐ నిర్వచనం పక్కన పెట్టి చూడండి. వీధి చివర హోటల్లో పెడితే అది ఆర్థికంగా విలువున్న పని, బిల్లు వస్తుంది. పిన్ని పెడితే లెక్కలోకి రాదు. 2019లో కేంద్ర గణాంక శాఖ దేశమంతటా జనం రోజు ఎలా గడుపుతారో సర్వే చేసింది. జీతం లేని ఇంటిపని చేసేవాళ్లలో ఆడవాళ్లు రోజుకు 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు దానికి పెడుతున్నారని తేలింది. దాదాపు అయిదు గంటలు. ఆ అయిదు గంటల్లోని తెలివికి ఇంట్లోనూ గుర్తింపు లేదు, దేశం ఆదాయం లెక్కల్లోనూ లేదు. ఇప్పుడు మనిషి స్థాయి ఏదో తేల్చే పత్రంలోనూ లేకుండా పోతోంది. పాత అన్యాయం కొత్త శాస్త్రంలోకి చడీచప్పుడు లేకుండా నడిచి వస్తుంటే ఊరుకోలేను.

నాకు మనసు కుదిరిన నిర్వచనం ఒకటి ఉంది. ఫ్రాన్స్వా షోలే అనే కృత్రిమ మేధ పరిశోధకుడు 2019లో రాసింది. ఎంత తెలుసు, ఎన్ని పనులు వచ్చు అన్నది వదిలేసి, మునుపెన్నడూ చూడనిది ఎదురైతే ఎంత తక్కువ అనుభవంతో ఎంత త్వరగా నేర్చుకుంటారో చూడమన్నాడు. దానికోసం రంగు గళ్ల పజిళ్లు తయారుచేశాడు. రెండు మూడు ఉదాహరణలు చూపి, వాటిలోని నియమం పట్టుకుని కొత్త గళ్లు నింపమంటాయి. పిల్లలు కూడా వాటితో ఆడుకోవచ్చు. 2024 డిసెంబరులో ఓపెన్‌ఏఐ వారి ఓ3 వాటిలో 87.5 శాతం తెచ్చుకుంది, విపరీతమైన కంప్యూటరు ఖర్చుతో. అయినా అది ఏజీఐ కాదని షోలే అన్నాడు. మూడు నెలల్లో ఇంకో విడత పజిళ్లు పెడితే, మామూలు మనుషులు చేయగలిగిన వాటిలో అప్పటి యంత్రాల మార్కులు ఒక అంకె దాటలేదు. తర్వాత వచ్చిన యంత్రాలు దాన్నీ దాటాయి. ఖర్చును కూడా తెలివి లెక్కలోకి తెచ్చినందుకు ఈ నిర్వచనం నాకు నచ్చింది. ఇద్దరు పిల్లల్లో ఒకరు ఒక్కసారి చూసి నేర్చుకుని, ఇంకొకరు వెయ్యిసార్లు చూసి నేర్చుకుంటే, చివరికి ఇద్దరికీ వందకు వంద వచ్చినా ఆ తేడా మనం మరిచిపోం కదా.

2023 నవంబరులో గూగుల్ డీప్‌మైండ్ పరిశోధకులు ఒకే గీత బదులు మెట్లు పెట్టారు. ఏదైనా ఒక పనిలో నైపుణ్యం ఉన్న పెద్దవాళ్లను వరసగా నిలబెడితే సగం దూరం వచ్చిన యంత్రం ఒక మెట్టు, నూటికి తొంభై మందిని దాటితే ఇంకోటి, తొంభై తొమ్మిది మందిని దాటితే ఆపై మెట్టు. ఒక్క పనిలో ఎంత బాగా చేస్తుంది, ఎన్ని రకాల పనులు చేస్తుంది అన్న రెండింటినీ విడదీశారు. ఆలోచనలో స్పష్టత ఉంది. అయితే శరీరంతో చేసే పనులు ఇందులో లెక్కకు రావు కాబట్టి పిన్ని కాఫీ మళ్లీ బయటే నిలబడింది. ఆ వరసలో నిలబెట్టిన పెద్దవాళ్లు ఎవరు, ఏ దేశం వాళ్లు, ఏ భాషలో వాళ్లను అడిగారు అన్నది ఇంకా మిగిలే ఉంది.

భాష మాట ఎందుకు ఎత్తానంటే, 2023 మార్చిలో జీపీటీ-4తోపాటు వచ్చిన సాంకేతిక నివేదికలో ఒక పట్టిక ఉంది. 57 విషయాల్లో బహుళైచ్ఛిక ప్రశ్నలున్న పరీక్షను ఇంగ్లీషులోనూ, ఇంకో 26 భాషల్లోకి మార్చీ పెట్టారు. ఇంగ్లీషులో 85.5 శాతం. ఇటాలియన్‌లో 84.1. స్వాహిలిలో 78.5. బెంగాలీలో 73.2. పట్టికలో కిందికి పోతున్నా తెలుగు ఓ పట్టాన కనబడదు. మరాఠీ 66.7 తర్వాత, అన్నిటికంటే అడుగున ఉంది: 62.0. మనిషిని మించిపోయిందని ప్రపంచమంతా చెప్పుకుంటున్న రోజుల్లోనే ఆ యంత్రం తెలుగులో అడిగితే ఇరవై మూడున్నర మార్కులు పోగొట్టుకుంది. తర్వాత వచ్చిన యంత్రాలు తెలుగులో బాగా మెరుగుపడ్డాయి. రోజూ వాడేవాళ్లకు అది తెలుస్తూనే ఉంది, నాకూ సంతోషంగానే ఉంది.

కానీ ఆ పరీక్ష పత్రం సంగతి చూడండి. ప్రశ్నలను యంత్రం చేతనే తెలుగులోకి మార్పించారు. వాటిలో అమెరికా చరిత్ర ఉంది, అమెరికా న్యాయశాస్త్రం ఉంది. తెలుగు అక్షరాల్లో అమెరికా చట్టం అడిగి, తెలుగులో యంత్రం స్థాయి ఇంత అని తేల్చారు. తెలుగు మాట్లాడే ఎనిమిది కోట్ల పైచిలుకు జనానికి ఏది తెలుసో ఆ పత్రం అడగనే లేదు. రేపు స్వతంత్ర నిపుణుల బృందం కూర్చుని మనిషి స్థాయి వచ్చిందని సంతకం పెడితే, వాళ్ల ముందున్న ప్రశ్నలు ఎక్కడివి? ఆ బృందంలో గణితం తెలిసినవాళ్లు, కంప్యూటర్లు తెలిసినవాళ్లు ఎలాగూ ఉంటారు. రాత్రి డ్యూటీలో పడక పడకకూ తిరిగి, మందుల చార్టులో లేని తేడాను రోగి మొహంలో పసిగట్టే నర్సు ఉండాలి. మూడు తరగతులను ఒకే గదిలో కూర్చోబెట్టి ఏ పిల్లకు ఏ మాట ఎక్కలేదో కనిపెట్టే ఏకోపాధ్యాయ పాఠశాల టీచరు ఉండాలి. ఇల్లు నడిపినవాళ్లు ఉండాలి. ఇంగ్లీషు రానివాళ్లు ఉండాలి.

ఆ లోగా మన విశ్వవిద్యాలయాలు, హైదరాబాద్ ట్రిపుల్‌ఐటీ లాంటి చోట్ల తెలుగు మీద ఏళ్లుగా పనిచేస్తున్నవాళ్లు, బడిపంతుళ్లు, రైతులు కలిసి తెలుగులోనే పుట్టిన ప్రశ్నలు ఒక వెయ్యి రాసి పెట్టగలిగితే బాగుంటుంది. అనువాదం చేసినవి వద్దు. ‘చూద్దాంలే’ అన్న పెద్దమనిషి అప్పు ఇస్తానన్నట్టా, ఇవ్వనన్నట్టా? పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు కబురు చేస్తామని వెళ్లి పది రోజులైతే పిల్ల తండ్రి ఏమనుకోవాలి? నారు పోసి వాన కోసం ఎదురుచూస్తున్న రైతు ఇంకో వారం ఆగాలా, ఆరుతడి పంటకు మారిపోవాలా, అది తేల్చుకునే ముందు ఎవరెవరిని అడుగుతాడు? ఇలాంటివి కొన్నింటికి ఒక్క జవాబే ఉండదు. అలాంటప్పుడు మార్కులు ఎలా వేయాలన్నది కూడా ప్రశ్న రాసినవాళ్లే కూర్చుని తేల్చుకోవాలి.